మధ్య కుర్చీ

ఆ ఆదివారం పొద్దుటి నుంచీ సంతోష్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. జడ అల్లుకుంది, బాలేదని విప్పేసింది, మళ్లీ అల్లుకుంది. ఆకుపచ్చ చీర కట్టుకుని అద్దంలో చూసుకుని, మరీ పెళ్లికూతురి వేషంలా ఉందని సిగ్గుపడి చుడీదార్‌లోకి మారింది. మరీ ఆఫీసుకి పోతున్నట్టుందని మళ్లీ చీరలోకే వచ్చింది. పెళ్లిమాటల రోజున ఏ ఆడపిల్లకైనా ఈ తిప్పలు మామూలే. కానీ ఈ పిల్లకి ఎవరికీ లేని తిప్ప ఇంకొకటుంది. కన్నవాళ్లకి మార్వాడీ తప్ప సరిగా రాదు. కాబోయే అత్తమామలకి తెలుగు తప్ప రాదు. వాళ్ల మాట వీళ్లకీ వీళ్ల మాట వాళ్లకీ చేరవేస్తూ మధ్యన కుర్చీ వేసుకుని కూర్చోవలసింది ఆ పెళ్లికూతురే.

"పిల్లని వెంటేసుకుని అబ్బాయి ఇంటికి మాటలకెళ్లడమేంటమ్మా, ఎక్కడైనా ఉందా?" అని వీధిలో ఒకావిడ బుగ్గ నొక్కుకుంది.

"అయితే నువ్వు రా. వచ్చి మార్వాడీలో మాట్లాడు" అంది జహీరున్నీసా.

జహీరున్నీసా పక్కింటి ఆవిడ, బట్టలు కుడుతుంది. సంతోష్‌కి పిన్ని వరస. ఆ వరస ఎవరు కలిపారో ఎవరికీ గుర్తులేదు. పెద్దమనిషి హోదాలో ఆవిడ కూడా ఇవాళ బయల్దేరింది. గుంటూరులో పుట్టిన మనిషి కాబట్టి ఉర్దూ వచ్చు, ఇన్నేళ్ల ఇరుగుపొరుగు వల్ల మార్వాడీ కూడా చాలావరకు అర్థమవుతుంది. అయినా మాట్లాడదు. "నాకు అర్థమవుతుందని తెలిస్తే నా ముందు ఎవరూ ఏమీ మాట్లాడరే" అంటుంది.

సంతోష్ అంటే మన వైపు మగపిల్లల పేరు. రాజస్థాన్‌లో ఆడపిల్లలకీ పెడతారు. బళ్లో చేరిన కొత్తలో పేరు చూసి టీచరు మగపిల్లల వరసలో కూర్చోబెడితే, పిల్ల మాట్లాడకుండా పోయి కూర్చుంది. అప్పటికి "నేను ఆడపిల్లని" అనేంత తెలుగు రాలేదు మరి. ఆ తర్వాత వీధివాళ్లే సంతోషమ్మ అని దిద్దుకున్నారు.

ఆ పిల్లని ఒళ్లో పెట్టుకుని కన్నవాళ్లు జాలోర్ జిల్లా నుంచి చీమకుర్తి వచ్చారు. తండ్రి భంవర్‌లాల్ గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషను మీద పనివాడు. ఆయన కనుబొమలు ఏ కాలంలో చూసినా రాతిపొడితో తెల్లగానే ఉంటాయి. తల్లి గవరీ ఇల్లు కదలని మనిషి. మార్వాడీలు దిగారనగానే తాకట్టు కొట్టు పెడతారు కాబోలనుకుని ఒకావిడ ముక్కుపుడక కొంగున కట్టుకుని వచ్చిందట. ఇంట్లో ఒక రేకు పెట్టె, ఒక రొట్టెల పెనం చూసి, జాలిపడి, వాళ్లకే కాసిన్ని కందులు ఇచ్చి వెళ్లిందట.

సంతోష్ తెలుగు నేర్చింది జహీరున్నీసా కుట్టుమిషను కింద. గుడ్డముక్కలతో ఆడుకుంటూ, జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చే ఆడవాళ్ల మాటలన్నీ చెవినేసుకుంది. అందుకే ఆ పిల్ల మొదట నేర్చిన తెలుగంతా అత్తల మీద ఫిర్యాదులే. బళ్లో వేసే నాటికి "దాని నోట్లో మన్నుపడ" అని ముద్దుగా అనేది.

ఇక అక్కడి నుంచి ఆ ఇంట్లో ఎవరికి ఏ పని పడినా సంతోష్ కావలసిందే. డాక్టరు దగ్గర, కరెంటాఫీసులో, గ్యాసు కొట్టులో, బళ్లో, పెద్దవాళ్లకి చెరో కుర్చీ, మధ్య కుర్చీ ఈ పిల్లది. నేల మీద కాళ్లు ఆనని వయసులో ఆ కుర్చీ ఎక్కింది. తల్లికి ఒంట్లో నలతగా ఉందని డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, తల్లి చెప్పిన బాధకి తెలుగులో పేరేమిటో పిల్లకి తెలియదు. డాక్టరమ్మ అడిగినదానికి మార్వాడీలో పేరేమిటో అంతకన్నా తెలియదు. తన పొట్ట మీదే వేలుపెట్టి చూపించి నెట్టుకొచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. అంత చిన్నదానికి అంత పెద్ద సంగతులు ఎందుకు తెలియాలి?

అయితే బరువులే కాదు, తమాషాలూ ఉన్నాయి. మధ్య కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఒక రహస్యం చాలా త్వరగా తెలిసిపోతుంది. మనుషులు అన్న మాటలన్నీ అవతలికి చేరవలసిన అవసరం లేదు.

ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "మీ రొట్టెల పొగకి గోడలన్నీ మసిబారిపోయాయి, బుద్ధి ఉందా మీకు?" అని అరిచేది. సంతోష్ తండ్రి వైపు తిరిగి, "రొట్టెలు కిటికీ దగ్గర చేసుకుంటే గాలి బాగా వస్తుందట" అని చెప్పేది. "ఆ ముసలిదాని నోట్లో మిరపకాయ పెట్టు" అనేవాడు భంవర్‌లాల్, ముఖంలో ఏమీ కనబడకుండా. "సరేనండీ పెద్దమ్మగారూ అంటున్నాడు మా బాపూ" అనేది పిల్ల. ఓనరమ్మ పదిమందితో, "ఆ మార్వాడీ ఆయన ఎంత మర్యాదస్తుడో" అని చెప్పుకునేది. ఆయనేమో తన వాళ్లకి ఫోను చేసి, ఈ ఊరి ఆడవాళ్ల గొంతు పెద్దదే కానీ మాట మెత్తన అని మెచ్చుకునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ కుటుంబానికి చీమకుర్తి మంచి ఊరైంది ఆ పిల్ల నోటివల్లే. పక్కగదిలో గుడ్డ కత్తిరిస్తూ రెండు వైపులా విన్న జహీరున్నీసా మాత్రం, "నాకన్నా బాగా కత్తిరిస్తావే నువ్వు" అనేది.

ఇలా పెరిగిన మనిషికి తలలో రెండు కాపురాలుంటాయి. సంతోష్ లెక్కలు మార్వాడీలో వేస్తుంది, పోట్లాట తెలుగులో పెట్టుకుంటుంది. దెబ్బ తగిలితే "అమ్మా" అంటుంది, దేవుడికి దండం పెట్టేటప్పుడు "మా" అంటుంది. సజ్జరొట్టెలో గోంగూర పచ్చడి నంజుకుంటుంది. జాలోర్ వెళ్తే అక్కడి పిల్లలు మద్రాసీ వచ్చిందని నవ్వుతారు. తిరిగి ఒంగోలు స్టేషన్లో దిగితే ఆటోవాడు హిందీలో బేరం మొదలుపెడతాడు. "ఏంటయ్యా, మన ఊరోళ్ల దగ్గర కూడానా?" అని తెలుగులో దులిపేస్తే, వాడు నోరు తెరుచుకుని చూడటం ఆమెకి చచ్చేంత సరదా.

డిగ్రీ అయ్యాక ఒక గ్రానైట్ యార్డు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఉత్తరాది బేరగాళ్లతో ఫోన్లో మాట్లాడాలి. అక్కడ క్రేను నడిపేవాడు కోటేష్. ఒకరోజు రాజస్థాన్ లారీడ్రైవరూ కోటేషూ లారీ ఎటు తిప్పాలనే దాని మీద ఒకరి భాష ఒకరికి రాకుండా గొంతులు చించుకుంటుంటే, సంతోష్ వెళ్లి మధ్యలో నిలబడింది. డ్రైవరు చేతులు తిప్పుతూ చాలాసేపు ఏదో అన్నాడు.

"కొంచెం వెనక్కి జరపమంటున్నాడు" అంది సంతోష్.

కోటేష్ ఆమె వంక అనుమానంగా చూశాడు. "అంతసేపు అరిస్తే నువ్వు చెప్పింది ఇంతేనా? మిగతాదేదీ?"

"మిగతాది నీకెందుకులే."

"నన్నే కదా తిట్టింది. నా వాటా నాకియ్యి" అన్నాడు.

ఇన్నేళ్లలో మిగతాది అడిగినవాడు అతనొక్కడే. సంతోష్‌కి నవ్వాగలేదు. తిట్లన్నీ వరసగా తెలుగు చేసి చెప్పింది. అతను వింటూ, "ఇది బావుంది, ఇది రాసుకోవాలి" అన్నాడు. అంతే, అక్కడ పడింది ముడి.

ముడి పడటం తేలికే. కానీ సంతోష్ ఒక మాట ముందే చెప్పేసింది. "ఇద్దరిళ్లలోనూ ఔననాలి కోటేష్. ఒకళ్లు కాదన్నా నేను రాను. నీకోసం మావాళ్లని వదులుకుంటే నా నోరు సగం మూగబోతుంది." కోటేష్ సరేనన్నాడు. అతని తల్లి అంకమ్మ కొంచెం గునిసి, "వాళ్లొచ్చి మాట్లాడితే చూద్దాం" అంది. భంవర్‌లాల్ మాత్రం కూతురు చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుని, "ముందు ఇల్లు చూడనీ" అన్నాడు. ఆ తర్వాత వారమంతా ఔననలేదు, కాదనలేదు. బాపూ మౌనం ఎటు మొగ్గిందో తెలియక సంతోష్ అన్నం సహించక చిక్కిపోయింది. ఇవాళ తేలిపోవాలి.

కోటేష్ వాళ్లది సంతనూతలపాడు దాటాక ఒక పల్లె. ఆటో దిగేసరికి ఇంటి ముందు వాకిలంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. భంవర్‌లాల్ పొలిమేరలో మొదలుపెట్టిన తుమ్ములు గుమ్మం దాకా ఆపలేదు.

"రండి రండి అన్నయ్యగారూ, రా వదినా! ఆ తుమ్ములు శుభమేలే, మా కాయ ఘాటు అట్టాంటిది!" అని అంకమ్మ వీధి చివరికి వినబడేలా పిలిచింది. ఆమె భర్త శ్రీకృష్ణ వెనకాలే నిలబడి నవ్వాడు. ఆ ఇంట్లో మాట్లాడే పని ఆయన దాకా రాదు.

కుర్చీలు వేశారు. ఎవరూ చెప్పకుండానే సంతోష్ మధ్య కుర్చీలో కూర్చుంది. కోటేష్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జహీరున్నీసా వక్కపలుకు నోట్లో వేసుకుని మంచం మీద సర్దుకుంది.

మొదట అంతా పాయసంలా సాగింది. పంట ఎట్లా ఉందని భంవర్‌లాల్ అడిగాడు. మీ వైపు వానలు పడతాయా అని అంకమ్మ అడిగింది. ఆయన లేచి బోరు చూశాడు, గేదెని చూశాడు, దాని మెడ కింద గోకాడు. గవరీ వంటింట్లోకి తొంగిచూసి, మూల ఉన్న తిరగలి మీద చెయ్యి వేసి చూసింది. సంతోష్ ఎంత హుషారుగా అటూ ఇటూ మాటలు అందిస్తోందంటే, ఒకసారి తండ్రితో తెలుగులోనూ అంకమ్మతో మార్వాడీలోనూ మాట్లాడి నాలుక కరుచుకుంది. అందరూ నవ్వారు. ఇంక అయిపోయినట్టే, గట్టెక్కినట్టే అనుకుంది.

అప్పుడొచ్చాయి కాఫీలు. స్టీలు గ్లాసుల్లో, నురగలతో, పళ్లెంలో పక్కనే సున్నుండలు. అంకమ్మ స్వయంగా భంవర్‌లాల్ ముందు పెట్టింది. ఆయన రెండు చేతులూ జోడించి, వద్దన్నట్టు తల ఊపాడు.

సంతోష్ చూపు ఆ గ్లాసు మీదే ఆగిపోయింది. నచ్చని ఇంట్లో మనిషి మంచినీళ్లు ముట్టడు. చిన్నప్పటి నుంచీ ఈ నేల మీద ఆమె చూసింది అదే. పగవాడి గడపలోనే కదా గ్లాసు పక్కకి నెట్టేది! అయితే వారం రోజుల మౌనానికి అర్థం ఇదా? ఇంతమందిలో ఇలా చెప్పాలా?

"బాపూకి గ్యాసు అత్తయ్యా. కాఫీ పడదు" అనేసింది.

"అయ్యో, చెప్పవేం? మజ్జిగ తెస్తానుండు" అని అంకమ్మ లేచింది. మజ్జిగ వచ్చింది. ఆయన మళ్లీ చేతులు జోడించాడు.

"జలుబు కూడా ఉంది. ఇందాక తుమ్మాడుగా."

"అయితే వేన్నీళ్లు తాగమను. వదినా, నువ్వు సున్నుండ తిను." గవరీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"మా అమ్మకి ఇవాళ ఉపవాసం" అంది సంతోష్. ఒక అబద్ధం ఆడితే దానికి కాపలా పెట్టడానికి ఇంకోటి ఆడాలి. జహీరున్నీసా మంచం మీద గట్టిగా దగ్గింది.

తెలుగు రాని భంవర్‌లాల్‌కి ఆ ఒక్క మాట మాత్రం ఎక్కింది. ఉపవాసానికి అటూ ఇటూ అదే మాట కదా. ఆయన భార్య వైపు తిరిగి, "ఉపవాసం నీకా? పొద్దున రొట్టెలు తిన్నావుగా?" అన్నాడు తమ భాషలో, చేత్తో నోటికి పెట్టుకుంటున్నట్టు చూపిస్తూ. ఆ సైగకి ఏ భాషా అక్కర్లేదు. అంకమ్మ చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఓహో, అదా సంగతి! గ్యాసూ లేదు, ఉపవాసమూ లేదు. మా ఇంటి నీళ్లే పనికిరాలేదన్నమాట. మా నీళ్లు గుటకేయనోళ్లకి మా పిల్లోడెందుకు? మీ పిల్ల మాకెందుకు? లేరా కోటేష్, వాళ్లని ఆటో ఎక్కించి రా."

కోటేష్ కదల్లేదు. అందరూ మధ్య కుర్చీ వైపే చూస్తున్నారు. సంతోష్ నోరు తెరిచింది. అడకత్తెరలో పోకచెక్కలా ఇన్నేళ్లు నలిగినా, మాట రాకపోవడం ఆమెకిదే మొదలు. మార్వాడీ లేదు, తెలుగు లేదు. సాయం కోసం జహీరున్నీసా వైపు చూసింది.

"నా వంక చూడకు. నేనేం చెప్పను" అంది జహీరున్నీసా, మెల్లగానే. "కత్తెర పక్కన పెట్టు సంతోషమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇరవై ఏళ్లు కత్తిరించావు, చాలు."

సంతోష్ తండ్రి వైపు తిరిగింది. అంకమ్మ అన్నది అన్నట్టు, ఒక్క ముక్క తగ్గించకుండా, ఆ కోపంతో సహా చెప్పింది. చెప్పి, ఏడుస్తూ అడిగింది: "బాపూ, ఈ ఇల్లు నీకు నచ్చలేదని నాతో ముందే చెప్పొచ్చుగా? వీళ్ల ముందు గ్లాసు నెట్టాలా?"

భంవర్‌లాల్ తెల్లబోయాడు. తెల్లటి కనుబొమలు రెండూ పైకి లేచాయి. "నచ్చలేదని ఎవరన్నారు?" అన్నాడు. "నచ్చని ఇల్లయితే ఆ గ్లాసూ తాగేవాణ్ణి, ఇంకో గ్లాసూ తాగేవాణ్ణి. తాగి, మర్యాదగా లేచొచ్చేవాణ్ణి. తిరగలి మీద చెయ్యి వెయ్యగానే మీ అమ్మ నా వంక చూసి తల ఊపింది. అప్పుడే ఇది నా బిడ్డ ఇల్లయిపోయింది. బిడ్డనిచ్చిన ఇంట్లో తండ్రి గుటకెడు నీళ్లు కూడా పుచ్చుకోడు. ఇచ్చిన చోట తీసుకోకూడదు. నేను గ్లాసు ముట్టలేదంటే ఔనన్నట్టు. నీకు తెలియదూ?"

తెలుసు. జాలోర్ వెళ్లినప్పుడు నాయనమ్మ ఎప్పుడో చెబితే విన్నట్టే గుర్తు. పెళ్లిళ్లయ్యాక ముసలివాళ్లు పట్టించుకునే చాదస్తమనుకుంది. కళ్లారా ఎప్పుడూ చూడలేదు. ఊరందరి మాటనీ తండ్రికి అర్థమయ్యేలా చెప్పిన పిల్ల, తండ్రి తల ఊపిన ఆ ఊపుని మాత్రం తెలుగులో చదువుకుంది. ఆయన ఇందాకటి నుంచీ అందరి ముందూ ఔను, ఔను, ఔను అంటున్నాడు. కూతురేమో దాన్ని జలుబు అనీ గ్యాసు అనీ చెబుతోంది.

సంతోష్ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటే, ఏవంటున్నాడాయన? చెప్పి ఏడువు!" అంది అంకమ్మ ఆగలేక.

చెప్పింది. తను ఆడిన అబద్ధాలు ముందు ఒప్పుకుని, తండ్రి మాటలన్నీ పూస గుచ్చినట్టు చెప్పింది. "ఇచ్చిన చోట తీసుకోకూడదు" అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పింది.

అంకమ్మ చల్లారిపోయిన గ్లాసు వైపు, చేతులు జోడించుకుని నిలబడ్డ ఆ మనిషి వైపు మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దానికీ ఆమె పద్ధతిలో కేకే వేసింది. "ఓసి పిచ్చిమొద్దూ! ఇంత మంచి మాట కడుపులో పెట్టుకుని, గ్యాసంటావా? ఇంకొంచెం ఉంటే చీపురు తిరగేసేదాన్ని కదే! అయినా ఇంటికొచ్చిన మనిషిని ఎండన పడి నోరు తడపకుండా ఎట్టా పంపేది?"

అప్పుడు శ్రీకృష్ణ గొంతు సవరించుకున్నాడు. అందరూ ఉలిక్కిపడి అటు చూశారు.

"వీధిలో టీకొట్టుంది. అది మన ఇల్లు కాదుగా" అన్నాడు.

సంతోష్ చెప్పగానే భంవర్‌లాల్ పకపకా నవ్వాడు. మా తాతలైతే బిడ్డనిచ్చిన ఊరి పొలిమేరలో కూడా దాహం తీర్చుకునేవాళ్లు కాదు, నాకంత పట్టింపు లేదు, పదండి అన్నాడు. ఇక చూడాలి ఆ ఊరేగింపు! ముందు శ్రీకృష్ణ, ఆయన భుజం మీద చెయ్యి వేసి భంవర్‌లాల్, వెనక కోటేషూ, ముసుగు సర్దుకుంటూ గవరీ, ఆమె చెయ్యి పట్టుకుని జహీరున్నీసా, మిరపకాయలు తొక్కకుండా పక్కపక్కగా అడుగులేస్తూ వీధిలోకి నడిచారు. వియ్యంకుడికి ఇంట్లో కాఫీ పెట్టకుండా కొట్టుకి తీసుకుపోతున్నారేమిటని అరుగుల మీద జనం లేచి చూశారు.

సంతోష్ కూడా కదలబోయింది. అలవాటు. వెనక నుంచి అంకమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వెక్కడికి? ఆ పట్టింపు మీ నాన్నకి. నీకు కాదు" అని వంటింట్లోకి తీసుకెళ్లి, భంవర్‌లాల్ ముట్టని కాఫీనే మళ్లీ వెచ్చబెట్టి ఇచ్చింది. "తాగు. మనింట్లో కాఫీ ఎట్టా ఉందో చెప్పు." ఆ మాట చెప్పి తను వీధిలోకి పరిగెత్తింది.

సంతోష్ తిరగలి పక్కన పీట వేసుకుని కూర్చుంది. మొదటి గుక్క తాగింది. చక్కెర ఎక్కువైంది, అయినా ఎంత బావుందో. హాల్లో మధ్య కుర్చీ ఖాళీగా ఉంది. వీధిలో నుంచి అంకమ్మ కేకలు తెలుగులో, బాపూ కేకలు మార్వాడీలో, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎవరికి ఏం అర్థమవుతోందో కానీ మధ్యలో నవ్వులు మాత్రం కలిసే వినబడుతున్నాయి.

"సంతోషూ!" కోటేష్ గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. "మీ నాన్న మా అమ్మతో ఏదో అంటున్నాడు, ఎవరికీ అర్థం కావట్లేదు. రా!"

"నేను కాఫీ తాగుతున్నా" అంది సంతోష్. "మీరే మాట్లాడుకోండి."